నీటిని తూచిన మహనీయుడు – అల్ బీరూనీ

ఇబ్నె సీనా పేరు వినని పెద్దవారు మన ఇళ్ళలో అరుదు. యూనానీ వైద్యం పుణ్యమా అని ఆ పేరు హకీముగారి దుకాణం దాకా, అక్కడినుంచి మన ఇంటి అరుగు దాకా వచ్చింది. ఆయన కాలంలోనే జీవించి, ఆయనతోనే ఉత్తరాల మీద గట్టిగా వాదులాడిన మరొక మహనీయుడు ఉన్నారు. అబూ రైహాన్ ముహమ్మద్ బిన్ అహ్మద్ అల్ బీరూనీ. ఈయన మాత్రం బడిపుస్తకంలో రెండు మార్కుల ప్రశ్నకు జవాబుగా మిగిలిపోయారు. మహమూద్ గజ్నవీ కాలంలో మన దేశానికి వచ్చి, మన దేశం గురించి పుస్తకం వ్రాసినవాడు అని పిల్లలు వ్రాస్తారు, మేము మార్కులు వేస్తాము, అక్కడితో సరి.

ఆయన జీవితంలో మన పిల్లలకు, ముఖ్యంగా హైస్కూలు పిల్లలకు, తప్పక చెప్పవలసిన ఘట్టం ఇంకొకటి ఉన్నది. నీళ్ళలో వేసిన వస్తువు ఎందుకు తేలుతుంది, ఎందుకు మునుగుతుంది అనే విషయానికి ఆయన అంకెలు కట్టి చూపినారు. ఆ అంకెలు వెయ్యేళ్ళ తర్వాత కూడా చెక్కుచెదరలేదు. ఈ సంవత్సరం సావనీరులో ఆ కథ చెప్పుకుందాం.

ముందు మన ఊరి సంగతితో మొదలుపెడదాము. ఎవరిని అడిగినా, బరువైనది మునుగుతుంది, తేలికైనది తేలుతుంది అంటారు. చదువుకున్నవారూ అంటారు. ఇది సగం మాటే. విస్సన్నపేట నుంచి నూజివీడు దాకా దారి పొడుగునా మామిడితోటలే కనుక మామిడికాయనే తీసుకుందాం. కోత రోజుల్లో కాయ ముదిరినదీ లేనిదీ తేల్చుకోవడానికి నీళ్ళ తొట్టిలో వేసి చూడటం ఒక పద్ధతి. ముదిరిన కాయ మునుగుతుంది, లేతకాయ తేలుతుంది. ఇప్పుడు పావుకిలో తూగే ముదురు రసం కాయ ఒకటి, అరకిలో తూగే లేత కలెక్టరు కాయ ఒకటి తొట్టిలో వేశారనుకోండి. పావుకిలో కాయ అడుక్కి పోతుంది, అరకిలో కాయ పైన తేలుతూ ఉంటుంది. మరి బరువైనది మునగాలి కదా? రెట్టింపు బరువున్న కాయ తేలటమేమిటి?

సంగతి ఏమిటంటే, కాయ బరువు ఒక్కటే చూస్తే లాభం లేదు. ఆ కాయ ఎంత చోటు ఆక్రమించిందో, అంత చోటు పట్టే నీటి బరువుతో పోల్చి చూడాలి. పావుకిలో కాయ నీటిలో 245 గ్రాముల నీళ్ళు పట్టేంత చోటు తీసుకుంటే, నీటికంటే కాయే అయిదు గ్రాములు ఎక్కువ తూగింది కనుక మునిగింది. అరకిలో కాయ 510 గ్రాముల నీళ్ళ చోటు తీసుకుంటే, నీటికంటే కాయే తక్కువ తూగింది కనుక తేలింది. పోటీ కాయకూ కాయకూ కాదు, కాయకూ నీటికీ.

వస్తువు నీటిలో దిగినపుడు కొంత నీటిని పక్కకు నెడుతుంది. నీరు ఊరుకోదు, తిరిగి ఆ వస్తువును పైకి నెడుతుంది. ఎంత బలంతో నెడుతుందంటే, సరిగ్గా పక్కకు పోయిన నీటి బరువెంతో అంత. బావిలో చేద వేసి తోడిన ఆడవారందరికీ ఇది చేతితో తెలుసు. నిండిన చేద నీటిలోపల ఉన్నంతసేపూ సునాయాసంగా కదులుతుంది, నీటి మట్టం దాటి పైకి వచ్చిందో లేదో చేతులు లాగేస్తాయి. నీళ్ళు పట్టిన చెయ్యి వదిలేసిందన్నమాట. ఈ సూత్రాన్ని క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దంలో గ్రీకు విద్వాంసుడు ఆర్కిమెడీస్ చెప్పినాడు. తెలుగులో దీనిని ఉత్ప్లవనం అంటున్నారు. సమాన చోటులో ఉండే బరువును తెలుగులో సాంద్రత అనీ, ఉర్దూలో కసాఫత్ అనీ చెబుతున్నాము. నీటికంటే ఎన్ని రెట్లు అనే లెక్కను పాత పుస్తకాలు విశిష్ట గురుత్వం అన్నాయి. పేరు ఏదైనా కానివ్వండి, విషయం ఒకటే.

సూత్రం చెప్పటం ఒక పని. లోకంలో ఉన్న బంగారం, వెండి, రాగి, ఇనుము, పగడం, పచ్చ, ముత్యం ఒక్కొక్కటీ నీటికి ఎన్ని రెట్లో కొలిచి పట్టిక వేయటం వేరే పని. ఆ రెండవ పనికి ఓర్పు కావాలి. బీరూనీ ఆ పని చేసినవారు.

ఆయన 973 సంవత్సరంలో, హిజ్రీ 362లో, ఖ్వారజ్మ్ దేశంలో కాత్ అనే పట్టణం శివారున జన్మించారు. నేడు అది ఉజ్బెకిస్తాన్‌లో ఉన్నది. బీరూన్ అంటే వెలుపల అని అర్థం. మన ఉర్దూలో బేరూన్ అంటాము చూడండి, అదే. పట్టణానికి వెలుపల పుట్టినవాడు గనుక బీరూనీ అయినారు. ఇప్పుడు ఆ ప్రాంతంలోని పట్టణానికి ఆయన పేరే పెట్టారు.

బాల్యంలోనే ఆయనకు అడిగి తెలుసుకునే అలవాటు ఎక్కువ. ఆ ఊరివైపు ఒక గ్రీకు మనిషి వచ్చి స్థిరపడితే, ఈ పిల్లవాడు గింజలూ, పళ్ళూ, మొక్కలూ తీసుకుపోయి, వాటిని గ్రీకు భాషలో ఏమంటారో అడిగి వ్రాసుకునేవాడట. ముసలితనంలో మందుమొక్కల గురించి వ్రాసిన పుస్తకంలో ఈ సంగతి ఆయనే జ్ఞాపకం చేసుకున్నారు. రాజకుటుంబానికి చెందిన అబూ నస్ర్ మన్సూర్ అనే గొప్ప గణిత విద్వాంసుడు ఆయనకు ఉస్తాదుగా దొరకటం అదృష్టం. పదిహేడేళ్ళ వయసుకే సూర్యుని ఎత్తు కొలిచి, తమ పట్టణం భూమి మీద ఏ అక్షాంశంలో ఉన్నదో లెక్క కట్టినారు. మన పదిహేడేళ్ళ కుర్రవాళ్ళు ఇంటరు చదువుతుంటారు. వాళ్ళను తక్కువ చేయటానికి కాదు, వయసు గుర్తుకు రావటానికి చెబుతున్నాము.

995లో ఆ రాజ్యంలో అంతర్యుద్ధం వచ్చి, ఉస్తాదు వంశం వారి పాలన పోయింది. బీరూనీ ఊరు వదిలి పారిపోవలసి వచ్చింది. రయ్ నగరంలో, అంటే నేటి టెహరాన్ దగ్గర, బీదరికంలో రోజులు గడిపారు. అక్కడ ఒక జ్యోతిశ్శాస్త్ర పండితుడు ఈయన చినిగిన బట్టలవంటి పరిస్థితి చూసి ఈయన శాస్త్రాన్ని కూడా ఎగతాళి చేసినాడు. తర్వాత బీరూనీ దశ కొంచెం తిరిగాక అదే మనిషి స్నేహంగా మాట్లాడసాగాడు. మనిషి అదే, చదువు అదే, మారినది జేబు. ఈ సంగతి ఆయన మరచిపోలేదు, పుస్తకంలో వ్రాసి పెట్టినారు.

అటు తర్వాత గుర్గాన్ పాలకుడు ఖాబూస్ కొలువులో కొంతకాలం ఉండి, 1000వ సంవత్సరం ప్రాంతంలో అల్ ఆసారుల్ బాఖియా అనే పుస్తకం వ్రాశారు. వివిధ జాతుల పంచాంగాలు, పండుగలు, కాలగణనలు అందులో ఉన్నాయి. ఊటలలో నీరు పైకి ఎందుకు ఉబుకుతుంది అనే విషయం కూడా అందులో చర్చించారు. ఎక్కడో ఎత్తున ఉన్న నీరు భూమి లోపలి దారులలో దిగి, తన మట్టానికి తాను చేరాలని పల్లపు చోట పైకి వస్తుందన్నారు. అప్పటికే ఆయన చూపు నీటి మీద పడిందని మాకు అనిపిస్తుంది.

1004 ప్రాంతంలో స్వదేశానికి తిరిగి వచ్చారు. గుర్గాంజ్ రాజధానిగా, అరబ్బులు జుర్జానియా అనే ఆ నగరంలో, మామూన్ అనే పాలకుడు విద్వాంసులను పోషించేవాడు. ఆ కొలువులో బీరూనీకి మంచి గౌరవం దక్కింది. అక్కడి నీటితోనే ఆయన తూకం ప్రయోగాలు జరిగినాయి.

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం. లోహాలను పోల్చాలంటే, ఒకే పరిమాణంలో ముద్దలు చేసి తూచితే సరిపోతుంది కదా అని మనకు తోస్తుంది. లోహాన్నైతే కరిగించి పోత పోయవచ్చు, అదీ కచ్చితంగా రావటం కష్టం. మరి కెంపును ఏం చేస్తారు? ముత్యాన్ని ఏం చేస్తారు? అరగదీసి ఒకే కొలతకు తెస్తే రాయి విలువ పోతుంది, యజమాని మన మెడ పట్టుకుంటాడు. ఆ రాయిని ఉన్నది ఉన్నట్టుగా ఉంచి, అది ఎంత చోటు తీసుకుంటున్నదో తెలుసుకోవాలి. వంకర టింకర రాయి చోటును ఏ మూరతోనూ కొలవలేము. నీరు ఒక్కటే ఎంత వంకరనైనా చుట్టుకుంటుంది. కనుక నీటిచేతే కొలిపించారు.

ఇందుకు ఆయన ఒక పాత్ర చేయించారు. అడుగు వెడల్పుగా, పైకి పోనుపోను సన్నబడి, మెడ ఇరుకుగా ఉండే శంకువు ఆకారపు పాత్ర. మెడ పక్కన ఒక రంధ్రం, ఆ రంధ్రానికి కిందికి వంగిన సన్నని గొట్టం, గొట్టం కింద తరాజు తట్ట. పాత్రను రంధ్రం మట్టం దాకా నీటితో నింపుతారు. తూచిన వస్తువును నెమ్మదిగా లోపలికి వదులుతారు. అది తన చోటు తాను తీసుకోగానే, సరిగ్గా అంత నీరు గొట్టంలోంచి తట్టలోకి కారుతుంది. ఆ నీటిని తూస్తారు. వస్తువు బరువును ఆ నీటి బరువుతో భాగిస్తే లెక్క వచ్చేసింది.

మన ఇళ్ళలో వజూకు వాడే టోంటీ బద్నా ఉన్నది కదా, దాదాపు అదే ఏర్పాటు. పిల్లలకు చూపించాలంటే బద్నా చాలు. టోంటీలోంచి కారేదాకా నీళ్ళు నింపి, చుక్కలు ఆగేదాకా ఆగాలి. టోంటీ కింద గిన్నె పెట్టి, దుకాణాల్లో వాడే కిలో ఇనుప తూకపురాయిని దారం కట్టి లోపలికి దించాలి. కారిన నీటిని తూస్తే 130, 140 గ్రాముల మధ్య వస్తుంది. వెయ్యిని దానితో భాగించండి, ఏడు పైచిలుకు. అంటే ఆ ఇనుము నీటికి ఏడు రెట్ల పైన అన్నమాట. అయితే తులం బంగారు ఉంగరంతో ఈ బద్నాలో చేస్తామంటే కుదరదు. ఉంగరం నెట్టే నీరు అర గ్రాము కంటే ఏమంత ఎక్కువ ఉండదు. వెడల్పు మూతి ఉన్న పాత్రలో అంత కొద్ది నీటికి మట్టం పెరిగినట్టే తెలియదు. ఒక చుక్క టోంటీకి అంటుకుని ఉండిపోయినా లెక్కంతా తప్పే. బీరూనీ మెడను ఇరుకు చేయించింది ఇందుకే. ఇరుకు మెడలో ఒక్క చుక్క నీరు పెరిగినా మట్టం బాగా లేస్తుంది.

ఇంకొక జాగ్రత్త కూడా తీసుకున్నారు. నీరంతా ఒకటి కాదు. ఉప్పునీరు మంచినీటికంటే బరువు, చల్లనీరు వేడినీటికంటే బరువు. మన రైతులు విత్తనపు వడ్లను ఉప్పునీటిలో పోసి తాలును ఏరివేస్తారు. మామూలు నీటిలో మునిగిపోయే సగం నిండిన గింజ ఉప్పునీటిలో పైకి తేలిపోతుంది, గట్టి గింజ మాత్రమే అడుగున నిలుస్తుంది. ఉప్పు ఎంత కలపాలో తెలియటానికి కోడిగుడ్డు వేసి, అది తేలేదాకా కలుపుతారు. నీరు మారితే తీర్పు మారుతుందని ఇదే చెబుతున్నది. అందుకని బీరూనీ తాను ఏ నీటితో కొలిచినదీ చెప్పి పెట్టారు. జైహూన్ నది నీరు, జుర్జానియా పట్టణం వద్ద, శరదృతువు ఆరంభంలో. జైహూన్ అంటే నేటి అమూ దర్యా. వెయ్యేళ్ళ కిందటి మనిషి తన కొలతకు ఊరూ, నదీ, ఋతువూ చెప్పి పెట్టటం చూస్తే మాకు ఆశ్చర్యం వేస్తుంది. నేటి లేబరేటరీ రికార్డులో పిల్లలచేత వ్రాయించటానికి మేము నానా తంటాలు పడేది దీనికోసమే!

ఫలితాలు చూడండి. నూరు మిస్ఖాళ్ళ బంగారం అయిదుంపావు మిస్ఖాళ్ళ నీటిని బయటికి నెట్టింది. నూటిని అయిదుంపావుతో భాగిస్తే 19.05. నేటి యంత్రాలు చెప్పేది 19.3. పాదరసం 13.56, నేటి లెక్కా దాదాపు అంతే. సీసం 11.32, నేడు 11.34. ఇనుము 7.74, నేడు 7.87. వెండి, రాగి మాత్రం కొంచెం తక్కువ వచ్చినాయి. ఆ రోజుల్లో పూర్తి శుద్ధమైన లోహం దొరకటం కష్టమనే విషయం కూడా మనం గమనించాలి. రత్నాలలో నీలమణిని కొలబద్దగా పెట్టుకుని, కెంపు, పచ్చ, ముత్యం, లాజవర్దు, అఖీఖ్ మొదలైనవి కొలిచారు. నీలం నీటికి సుమారు నాలుగు రెట్లు, పచ్చ మూడు రెట్లకు లోపు. ఎర్రగా మెరిసే ప్రతి గాజుముక్కా కెంపు కాదని తేల్చటానికి, రాయికి గీత కూడా పడకుండా, నీరూ తరాజూ చాలు.

బంగారంలో మోసం కూడా ఇట్లాగే బయటపడుతుంది. నూరు గ్రాముల మేలిమి బంగారం 5.2 గ్రాముల నీటిని నెడుతుంది. నూరు గ్రాముల వెండి తొమ్మిదిన్నర గ్రాముల నీటిని నెడుతుంది. సగం సగం కలిపి పైకి పసుపు మెరుగు పెట్టినా కంటికి తెలియకపోవచ్చు, తరాజులో నూరు గ్రాములే తూగుతుంది. నీటిలో వేస్తే ఏడు గ్రాముల పైన నీరు కారి గుట్టు బయటపెడుతుంది. నేడు నగల పరీక్షకు ఎక్స్‌రే యంత్రాలు వచ్చాయి. అయినా నీటి పరీక్ష పాతబడలేదు.

ఇనుము నీటికి ఏడెనిమిది రెట్లు అయితే ఇనుప ఓడ ఎట్లా తేలుతుందని పిల్లలు తప్పక అడుగుతారు, అడగాలి కూడా. ఇనుప మేకు మునుగుతుంది. అదే ఇనుమును రేకుగా సాగగొట్టి దోనెలాగా వంచితే, లోపల ఉన్న గాలితో కలుపుకుని చాలా చోటు ఆక్రమిస్తుంది, చాలా నీటిని నెడుతుంది. ఆ నీటి బరువు ఓడ బరువుకు సమానమయ్యేదాకా దిగి, అక్కడ ఆగుతుంది. 1948 మార్చి 14న విశాఖపట్నంలో ప్రధాని నెహ్రూ చేతుల మీదుగా నీటిలోకి దిగిన జల ఉష అనే ఓడ, స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఓడ, ఈ లెక్క మీదనే తేలింది. మన ఇంటి ఇత్తడి బిందె బావిలో బోర్లా పడకుండా నిలువుగా పడితే తేలుతూ ఉంటుంది, వంగి నీరు నిండగానే అడుక్కి పోతుంది. ఇత్తడి మారలేదు. గాలి ఉన్న చోటులోకి నీరు వచ్చింది, అంతే.

మళ్ళీ బీరూనీ జీవితంలోకి వద్దాం. 1017లో సుల్తాన్ మహమూద్ గజ్నవీ ఖ్వారజ్మ్ మీదికి దండెత్తి గెలిచాడు. గెలిచిన సొత్తుతోపాటు విద్వాంసులను కూడా గజనీకి తరలించాడు. అందులో బీరూనీ, ఆయన ఉస్తాదు అబూ నస్ర్ ఉన్నారు. అప్పటికి బీరూనీ వయసు నలభై నాలుగు. మా వయసువాడే. ఆ వయసులో ఇల్లూ, ఊరూ, పరికరాలూ పోయి పరాయి రాజు అధీనంలో బతకటం ఎట్లాంటిదో పాఠకులే ఊహించుకోవచ్చు. మరుసటి సంవత్సరం కాబూల్ దగ్గర ఒక పల్లెలో ఉన్నప్పుడు సూర్యుని ఎత్తు కొలవాలనిపించింది. చేతిలో ఒక్క పరికరమూ లేదు. లెక్కలు వేసుకునే పలక వెనుక భాగాన వృత్తఖండం గీసి, భాగాలు గుర్తుపెట్టి, దారానికి బరువు వేలాడగట్టి కొలిచారు.

మన దేశంలోకి ఆయన ప్రవేశం ఈ విధంగా జరిగింది. పంజాబు, ముల్తాను ప్రాంతాలలో తిరిగారు, అనేక పట్టణాల అక్షాంశాలు కొలిచారు. నేటి పాకిస్తాన్‌లో జీలం దగ్గరి నందన కోట వద్ద కొండ ఎక్కి, దిగంతం ఎంత కిందికి వంగి కనిపిస్తున్నదో చూసి, దానినుంచి భూగోళం కొలత కట్టినారు. దక్షిణాదికి మాత్రం రాలేదు. అయినా మన దేశంలోని లిపులను పేర్కొంటూ, ఆంధ్రదేశంలో వాడే ఆంధ్రీ లిపిని కూడా తన పుస్తకంలో చేర్చారు. ఇంచుమించు అదే సమయంలో మన రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుని పాలన మొదలైంది. నన్నయగారి మహాభారతం ఆ కొలువులోనే పుట్టింది. అక్కడ గజనీలో కూర్చున్న మనిషి ఇక్కడి మన అక్షరాలకు పేరు పెట్టి వ్రాయటం మాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

నలభై దాటిన తర్వాత సంస్కృతం నేర్చుకున్నారు. ఉర్దూ మాధ్యమంలో చదివి, ఉర్దూలో పాఠం చెబుతూ, తెలుగులో వ్యాసం వ్రాయటానికే మేము తంటాలు పడుతున్నాము. ఆ ఉచ్చారణలు, ఆ సంధులు, ఒక్క వస్తువుకు పది పేర్లు, నాలుక తిరగక ఆయన ఎంత కష్టపడినదీ తానే దాచుకోకుండా చెప్పారు. పండితుల దగ్గర కూర్చుని అడిగి, పతంజలి యోగ గ్రంథాన్ని అరబ్బీలోకి తెచ్చారు. 1030 ప్రాంతంలో పూర్తిచేసిన కితాబుల్ హింద్‌లో మన దేశపు మతాలు, లెక్కలు, ఖగోళం, ఆచారాలు, పండుగలు అన్నీ ఉన్నాయి. తూకాలకూ కొలతలకూ ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించారు. హిందూస్తాన్‌లో వాడే తరాజు తీరును కూడా అందులో వర్ణించారు. దానిలో బరువు కదలదు, తట్టే గీతల మీద జరుగుతుంది. దాని పేరు తుల అని వ్రాసి పెట్టారు. తరాజు ఎక్కడ కనబడినా ఆయన ఆగకుండా ఉండలేరు కాబోలు!

ఆ పుస్తకం గురించి ఒక మాట చెప్పక తప్పదు. తన ప్రభువు ఏ దేశం మీదికి ఏటేటా దండెత్తుతున్నాడో ఆ దేశం గురించి వ్రాస్తున్నారు. మెచ్చుకోలు కోసం ఆ దేశాన్ని చులకన చేసి వ్రాస్తే అడిగేవారు లేరు. ఆయన ఆ పని చేయలేదు. హిందువుల నమ్మకాలను వారి పుస్తకాలు ఎట్లా చెబుతున్నాయో అట్లాగే ముందు పెట్టి, నచ్చనిచోట నచ్చలేదన్నారు, గొప్పదైనచోట గొప్పదన్నారు. మహమూద్ దండయాత్రల వల్ల ఆ ప్రాంతాల సౌభాగ్యం నాశనమైందనీ, ఆ ప్రజలకు పరాయివారంటే ద్వేషం కలిగిందనీ, శాస్త్రాలు తమకు అందనంత దూరం తరలిపోయాయనీ సూటిగా వ్రాశారు. గజనీలో కూర్చుని ఇట్లా వ్రాయటానికి ధైర్యం కావాలి. నేడు మన దేశంలో ఆ దండయాత్రల పేరు చెప్పి ఇరుపక్కలా కోపాలు రెచ్చగొట్టేవారు ఈ పుస్తకాన్ని తెరిచి చూస్తే బాగుండునని మా అభిప్రాయం. గాజునూ కెంపునూ ఒకే పాత్రలో వేసి తూచిన చెయ్యే ఆ పుస్తకాన్నీ వ్రాసింది.

మహమూద్ 1030లో మరణించాక కుమారుడు మసూద్ గద్దెనెక్కాడు. ఆయన హయాములో బీరూనీకి సుఖంగా జరిగింది. ఖగోళశాస్త్రం మీద తన పెద్ద గ్రంథాన్ని ఆయన పేరిటే అల్ ఖానూనుల్ మసూదీ అని పేరుపెట్టి సమర్పించారు. దానికి బహుమానంగా సుల్తాన్ ఏనుగు మోయగల వెండిని పంపితే, తనకు దాని అవసరం లేదని తిప్పి పంపినారని చెప్పుకుంటారు. తర్వాత వచ్చిన మౌదూద్ కాలంలో రత్నాల మీద అల్ జమాహిర్ అనే పుస్తకం వ్రాశారు. రాళ్ళు ఎక్కడ దొరుకుతాయి, ఎంత ధర పలుకుతాయి, వాటి గురించి జనం చెప్పుకునే కట్టుకథలు ఏవి, అన్నీ అందులో ఉన్నాయి. పచ్చను చూస్తే పాము కళ్ళు పోతాయని ఆ రోజుల్లో ఒక నమ్మకం. ఆయన వాదించటం మాని పామునే తెప్పించారు. దాని మెడకు పచ్చల దండ వేసి, బుట్టలో పచ్చలు పరిచి, నెలల తరబడి రకరకాలుగా చూశారు. పాము కళ్ళకేమీ కాలేదు. కథ అబద్ధమని వ్రాసుకున్నారు. పాపం ఆ పామును పట్టుకున్న మనిషి ఏమనుకున్నాడో!

అరవై అయిదేళ్ళప్పుడు తన రచనల జాబితా తానే వేసుకుంటే 113 లెక్కకు వచ్చినాయి. ఆ తర్వాత కూడా వ్రాస్తూనే ఉన్నారు. అధిక భాగం నేడు దొరకటం లేదు. ముసలితనంలో చూపు, వినికిడి తగ్గినా, ఒక వైద్యుని సాయంతో మందుమొక్కల పుస్తకం సాగించారు. చిన్నప్పుడు గ్రీకు మనిషిని అడిగినట్టే, ఒక్కొక్క మొక్కకు ఎన్ని భాషలలో ఎన్ని పేర్లున్నాయో అందులో కూర్చారు.

ఆయన చివరి రోజు గురించి పాత గ్రంథకర్తలు చెప్పే కథ ఒకటి ఉన్నది. చూడటానికి వచ్చిన ఒక న్యాయశాస్త్ర మిత్రుణ్ణి, వారసత్వపు వాటాలలో అమ్మమ్మ వాటాకు సంబంధించి ఒకప్పుడు తమ మధ్య వచ్చిన చిక్కు గురించి అడిగారట. ఈ స్థితిలో ఎందుకని మిత్రుడు జాలిపడితే, తెలియకుండా పోవటం కంటే తెలుసుకుని పోవటం మేలు కదా అన్న భావంతో బదులిచ్చారట. మిత్రుడు వివరించి, బీరూనీ ఆ జవాబును తిరిగి అప్పజెప్పిన తర్వాత బయటికి వచ్చి, వీధిలో ఉండగానే ఇంట్లోంచి ఏడుపు వినబడింది. 1050 ప్రాంతంలో, గజనీలోనే ఆయన కన్నుమూశారు.

ఇక ఆయన తూకం లెక్కలు మన దాకా ఎట్లా వచ్చాయో చెప్పి ముగిస్తాము. బీరూనీ పోయిన డెబ్భై ఏళ్ళకు, మర్వ్ నగరంలో అల్ ఖాజినీ అనే విద్వాంసుడు ఉండేవాడు. బానిసగా జీవితం మొదలుపెట్టి, చదువుతో పైకి వచ్చినవాడు. 1121లో ఆయన తరాజుల మీదనే ఒక పెద్ద గ్రంథం వ్రాశాడు. దాని పేరు మీజానుల్ హిక్మా, అంటే వివేకపు తరాజు. నీటిలో వేలాడే తట్టతో కలిపి అయిదు తట్టలున్న తరాజును అందులో వర్ణించి, బీరూనీ పాత్ర బొమ్మను, ఆయన పట్టికలను కూడా పొందుపరిచాడు. జైహూన్ నది నీటి సంగతి, ఋతువు సంగతి మనకు తెలిసింది ఈ పుస్తకం వల్లనే.

ఆ మీజానుల్ హిక్మా అరబ్బీ మూలాన్ని అచ్చువేసిన చోట్లలో ఒకటి మన హైదరాబాదు. 1888లో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ దానిని హిజ్రీ 1359లో, అంటే 1940లో ప్రచురించింది. అంతకుముందే 1936లో బీరూనీ రత్నాల పుస్తకాన్ని, 1948లో ఆయన చిన్న గ్రంథాల సంపుటిని, 1954 మొదలుకొని మసూదీ ఖానూనును మూడు భాగాలుగా, 1958లో కితాబుల్ హింద్‌ను అదే సంస్థ వెలువరించింది. పాత చేతివ్రాత ప్రతులను తెప్పించి, అక్షరం అక్షరం సరిపోల్చి, అచ్చుకెక్కించినవారు హైదరాబాదు పండితులు, కంపోజిటర్లు. ప్రపంచంలో ఏ మూల బీరూనీ మీద పరిశోధన చేసేవారైనా ఈ హైదరాబాదు ప్రతులు తిరగవేయవలసినదే. ఆ సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్నది. పిల్లల అడ్మిషన్ల పనిమీద అటు వెళ్ళే సభ్యులు ఒక పూట వీలు చేసుకుని, పిల్లలను వెంటబెట్టుకుని ఆ భవనం చూసి రావలసిందిగా మనవి. అరబ్బీ చదవటం రాకపోయినా ఫరవాలేదు. మీజానుల్ హిక్మాలో బొమ్మలున్నాయి, శంకువు ఆకారపు పాత్ర, దాని పక్క గొట్టం, కింద తట్ట. బద్నాను చూసిన పిల్లవాడు ఆ బొమ్మను చూడగానే పోల్చుకుంటాడు.